రానివాళ్ళ పేరు

క్రాన్‌బర్న్ వెళ్ళే రైల్లో ఎదుటి సీటు తెలుగాయన మా అమ్మాయి బాస్కెట్‌బాల్ బ్యాగు నా ఒళ్లో చూసి, "స్కోరింగ్ డ్యూటీ మీకూ పడుతుందా అండీ?" అన్నారు.

ఈ దేశంలో పిల్లల మ్యాచ్‌లకు స్కోరు రాసేది తల్లిదండ్రులే. "పడుతుందండీ, పెద్ద తలనొప్పి," అన్నాను.

"మా పాప చనిపోయి నెల తిరక్కముందే నా టర్న్ వచ్చింది. వెళ్ళకపోతే మ్యాచ్ ఆగిపోతుందని వెళ్ళాను. స్కోరు షీట్‌లో దాని పేరు ఎవరూ తీయలేదు. ఆట మొదలయ్యేలోపు రానివాళ్ళ పేరు కొట్టేయాలి కదా. నేనే కొట్టేశానండి."

చూపుడువేలితో మోకాలి మీద ఒక గీత గీసి, తర్వాతి స్టేషన్‌లో దిగిపోయారు.

మొన్న శనివారం డ్యూటీ నాది. మా అమ్మాయి జట్టులో ఒక పిల్ల రాలేదు. పెన్ను పక్కన పెట్టి, ముందు వాళ్ళమ్మకు ఫోన్ చేశాను.