పిడికిలి ఆట

మా శిక్షణలో మొదటి పాఠానికి పుస్తకం అక్కర్లేదు. అందరూ నేల మీద గుండ్రంగా కూర్చుంటారు. కళ్లు మూసుకుని, కుడిచేతి పిడికిలి బిగించి భుజం ఎత్తుకు లేపుతారు. ఒక్కో శబ్దం వినబడగానే ఒక్కో వేలు తెరవాలి. కాకి అరిస్తే ఒక వేలు, ఎండుటాకు కదిలితే ఇంకో వేలు, దూరంగా లారీ హారన్ కొడితే మరొకటి. కాసేపయ్యాక కళ్లు తెరిచి, ఎవరు ఏం విన్నారో చెప్పాలి. దీన్ని మేం పిడికిలి ఆట అంటాం. హోసూరు, కృష్ణగిరి చుట్టుపక్కల బడుల్లో పిల్లలకు పర్యావరణం నేర్పబోయే టీచర్లకు శిక్షణ ఇవ్వడం నా పని. ఒక్కో జట్టును ఏడాది పొడవునా విడతలు విడతలుగా బయట తిప్పుతాం. వేప్పనపల్లి మామిడితోపులు, కృష్ణగిరి డ్యాం వెనక నీళ్లు, బేరిగై దగ్గర ఒక చెరువు కట్ట. ఎక్కడికి వెళ్లినా మొదలుపెట్టేది పిడికిలి ఆటతోనే.

వినడం అనేదొకటి ఉందని నాకు తెలిసింది చెవులు పాడయ్యే చోటే. వయసులో ఉన్నప్పుడు మూకండపల్లిలో ఒక ప్రెస్ షాపులో పనిచేశాను. రేకును అచ్చు కింద పెట్టడం, ప్రెస్సు దబ్బుమని దాని మీద పడటం, తీసి ఇంకోటి పెట్టడం. రోజంతా అదే మోత. చెవుల్లో దూది పెట్టుకుంటే సూపర్‌వైజర్ పిలుపు వినబడదు, వినబడకపోతే తిట్లు. ఆ తిట్లు పడలేక దూది తీసి పారేసేవాళ్లం. షిఫ్టు దిగి గదికి నడుస్తుంటే దారిలో ఒక ఖాళీ స్థలం ఉండేది. మోకాలెత్తు గడ్డి, ఆ గడ్డి నిండా కీచురాళ్లు. అంత మోత తర్వాత ఆ సన్నటి అరుపు చెవిన పడితే ప్రాణం లేచొచ్చేది. అక్కడే నిలబడిపోయేవాణ్ణి. "ఏమప్పా, పురుగుల కచేరీకి టికెట్టు తీసుకుండావా?" అని తోటివాళ్లు ఎగతాళి చేసేవాళ్లు. చేసుకోనీ. ఆ ఉద్యోగం వదిలి ఈ పనికి రావడానికి కారణం ఆ గడ్డే అంటే ఎవరూ నమ్మరు గానీ, నిజం అదే.

బేరిగై చెరువు కట్టకు టీచర్లను ఎప్పుడూ సాయంత్రం పూటే తీసుకెళ్తాను, కీచురాళ్ల కోసమే. కొన్నేళ్ల కిందట కట్టకు అవతలి పొలాల్లో గులాబీల పాలీహౌస్‌లు లేచాయి. తెల్లటి ప్లాస్టిక్ గుడారాలు, పొద్దున్నా సాయంత్రం పురుగుమందు వాసన. ఆ తర్వాత ఒకసారి కట్ట మీద కూర్చుంటే నా పిడికిలి తెరుచుకోలేదు. ఒక్క కీచురాయి కూడా లేదు. సరే, ఈ పూటకింతే అనుకున్నాను. మరుసటి విడతకూ లేదు. ఆ తర్వాతా లేదు.

ఆ దుఃఖం లోంచే ఇంకో పాఠం పుట్టింది. పొద్దుగూకే వేళ టీచర్లను కట్ట మీద కూర్చోబెట్టి, "ఇప్పుడు వినబడేది కాదు, వినబడకుండా పోయింది వినండి," అనేవాణ్ణి. ఈ గడ్డిలో ఒకప్పుడు ఎన్ని గొంతులుండేవో చెప్పేవాణ్ణి. మందు కొట్టేవాళ్లనీ, కొట్టించేవాళ్లనీ, కళ్లు మూసుకున్న మనందర్నీ కలిపి తిట్టేవాణ్ణి. నాకు నోటి దురుసు ఎక్కువే. ఒక పెద్దాయన కళ్లు తుడుచుకున్నారు. చాలామంది తమ బడుల్లో పిల్లలకు అదే పాఠం చెప్పామని తర్వాత ఫోన్ చేసేవారు. నా పాఠాలన్నిట్లోకీ అదే బాగా కుదిరిందనేవారు. కుదరక ఏం చేస్తుంది, ఏడుపు నిజమైందైతే?

పోయిన వానాకాలం కొత్త జట్టుతో ఆ కట్టకే వెళ్లాం. అందులో బేరిగై ఆవిడే ఒక టీచరమ్మ ఉంది. మాట ఉన్నదున్నట్టు అనేస్తుంది, సారని, పెద్దాయనని చూడదు. అందరూ కూర్చున్నారు, పిడికిళ్లు లేచాయి. నేను మామూలుగా అడిగే మాట అడిగాను, జవాబు కోసం కాదు.

"ఎవరికన్నా ఏమన్నా వినబడ్తా ఉందా?"

"కీచురాళ్లు సార్," అంది టీచరమ్మ.

"యాడ?"

"యాడేంది సార్, ఈడే! మీ కాళ్లకాడ్నే."

నాకు ఒళ్లు మండింది. "ఊహించుకోవద్దమ్మా. ఉండాల్సింది కాదు, ఉండేది వినాల."

"ఊహించేదేంది సార్? చెవులు కోసేస్తా ఉండాయి. మా ఇంట్లో గుడ్డల పెట్టె ఎనక ఒకటి దూరితే రాత్రంతా నిద్ర పోనీదు. దీని అరుపు నాకు తెలీదా?"

ఎవరో కిసుక్కున నవ్వి, అంతలోనే ఆపుకున్నారు. నేను మిగతావాళ్ల వైపు చూశాను. అందరూ కళ్లు తెరిచి, తలలు దించుకుని ఉన్నారు. చేతులు మాత్రం దించలేదు. ప్రతి పిడికిట్లోనూ ఒక వేలు తెరిచి ఉంది.

టీచరమ్మ లేచి, ఫోన్ టార్చి వేసి, పొదలో ఒక ఆకు చూపించింది. ఆకు మీద లేత రంగు పురుగు. రెండు రెక్కలూ పైకెత్తి వణికిస్తోంది. కీచురాయి పాడేది అట్లాగే, రెక్కలతో. ఆ సంగతి నేనే ఎందరికో బొమ్మ గీసి చెప్పాను. వంగి చెవి దగ్గర పెట్టాను. ఎడమ చెవి, తర్వాత కుడి చెవి. రెక్కలు వణుకుతూనే ఉన్నాయి. నాకు గాలి తప్ప ఏమీ వినబడలేదు.

తిరిగి వస్తుంటే వ్యానులో నా పక్కన నా సహోద్యోగి కూర్చుంది. కుప్పం వైపు పల్లె ఆమెది. నాకన్నా చాలా చిన్నది, మొదట నా దగ్గరే శిక్షణ తీసుకుని, ఇప్పుడు నాతోపాటు శిక్షణ నడుపుతోంది. ఆ పాఠం చెప్పిన ప్రతిసారీ ఆమె నా పక్కనే ఉంది.

"నీకు వినబడేదా?" అన్నాను.

కిటికీ వైపు తిరిగి, "వినబడేది సార్," అంది.

"మరి చెప్పలేదే?"

"ముందు ఉండినన్ని లేవని చెప్తా ఉండారేమో అనుకున్నా సార్. నేను అప్పట్లో వినలేదు గదా. ఆ తర్వాత... మీరు అంత బాధపడ్తా ఉంటే ఎట్ల చెప్పేది?"

కోపం నషాళానికంటింది. "వినేది నేర్పేవాళ్లం మనం. ఇంతమందిలో ఒక్కరికీ నోరు లేకపోయెనే!" అని అరిచాను. వ్యానులో అందరికీ వినబడింది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. అయినా నా కోపం తగ్గలేదు.

ఇంట్లో చెబితే నా భార్య ఆశ్చర్యపోలేదు. "ఇప్పుడు తెలిసిందా? బండికి ఇండికేటరు వేసి, తిరిగినంక తీసేది లేదు. టిక్కు టిక్కుమని అది కొట్టుకుంటా ఉంటే ఊరంతా అట్లే పోతావు. ఎనక కూర్చుని భుజం మీద తట్టి తట్టి నా చెయ్యి నొప్పి పుట్టింది," అంది. తర్వాత దగ్గరికొచ్చి, నా చెవి మీద చెయ్యి పెట్టి, కాసేపు అట్లాగే ఉంచింది.

హోసూరులోనే చెవి డాక్టరు దగ్గరికి వెళ్లాం. ఒక చిన్న గదిలో కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్ తగిలించి, అక్కడి అమ్మాయి చెప్పింది, "సద్దు వినబడినప్పుడల్లా వేలెత్తాలప్పా." నాకు నవ్వొచ్చింది. నా ఆటే నాతో ఆడిస్తున్నారు. మొదట లావు శబ్దాలు. వేలెత్తాను. పోనుపోను సన్నవి. అద్దం అవతల ఆ అమ్మాయి బటన్లు నొక్కుతూ నా వేలి వైపు చూస్తోంది. నొక్కుతోంది, చూస్తోంది. నా వేలు లేవలేదు. చెవికి మిషన్ పెడితే మనుషుల మాటలు తేటగా వినబడతాయని డాక్టరు చెప్పారు. కీచురాళ్ల సంగతి అడిగాను. అంత సన్నటివి ఇంక రావు, మీరు మోతలో పనిచేశారా అన్నారు.

ఇంటికొచ్చే దారిలో ఒక కోరిక కలిగింది. కట్ట మీద పురుగులన్నీ నిజంగానే చచ్చిపోయి ఉంటే ఎంత బాగుండేది అనిపించింది. అప్పుడు జబ్బు లోకానిదయ్యేది, నాది కాదు. థూ, ఏం బుద్ధి! పర్యావరణం పాఠం చెప్పేవాడికి రావలసిన కోరికేనా అది? అయినా వచ్చింది, చాలా రోజులు పోలేదు కూడా.

పాత జట్ల టీచర్లకు ఫోన్ చేసి సంగతి చెప్పాను. కొందరు పాపం అన్నారు. ఒకాయన మాత్రం, "పిల్లోళ్లకు చెప్పేసినాం గదా సార్, చార్టు కూడా రాసి గోడకు అంటించినాం. ఉండనీండి, బాగుండాది," అన్నాడు.

పని మానేద్దామనుకున్నాను. సహోద్యోగి మాననివ్వలేదు. "మీకు వినబడనిది నేను విని చెప్తా సార్," అంది. అప్పుడు మా ఇద్దరికీ ఒక ఒప్పందం కుదిరింది. పిడికిలి ఆటలో అందరూ కళ్లు మూసుకుంటారు, నేను తెరిచి ఉంటాను. ఆమె కీచురాయి వినగానే చిటికెన వేలు తెరుస్తుంది. ఆ వేలు ఇంక దేనికీ కాదు, కీచురాయికే. మామిడితోపులో తెరిచింది. డ్యాం దగ్గర తెరిచింది. ఆ వేలు లేచినప్పుడల్లా ఇంకా ఉన్నాయిలే అనుకుని ఊపిరి పీల్చుకునేవాణ్ణి. ఆ మాత్రం దానికే మనసు ఎంత కుదుటపడేదో చెప్పలేను.

డ్యాం దగ్గర అన్నాలు తింటుంటే బేరిగై టీచరమ్మ నా పక్కన కూర్చుంది. మా ఒప్పందం ఆమె ఎప్పుడో కనిపెట్టేసింది. చెయ్యి కడుక్కుంటూ అడిగింది.

"సార్, ఒక మాట. అవి నిజంగానే పోతే మీకెట్ల తెలుస్తుంది?"

"ఆమె చెప్తుంది గదమ్మా."

"అదే అడుగుతా ఉండా. చెప్తుందా?"

"చెప్పక?" అన్నాను విసుగ్గా.

ఆ జట్టుకు ఆఖరి విడత మళ్లీ చెరువు కట్టకే పడింది. పాలీహౌస్‌లు చెరువుకు ఇంకా దగ్గరికి జరిగాయి. అంతకు ముందే నాలుగు వానలు పడ్డాయి, కట్ట పచ్చగా ఉండాల్సింది. గడ్డి అంతా పండి పసుపురంగుకు తిరిగి, మొదళ్లు మాడి ఉంది. కలుపు మందు కొట్టారని చూడగానే తెలిసింది. చేత్తో తడిమితే పొడిపొడిగా రాలింది. అందరూ కూర్చున్నారు, కళ్లు మూశారు, పిడికిళ్లు లేపారు.

నేను కళ్లు తెరుచుకునే ఉన్నాను. గాలి వచ్చింది, అందరి చేతుల్లో బొటనవేళ్లు తెరుచుకున్నాయి. రోడ్డు మీద లారీ పోయింది, చూపుడు వేళ్లు లేచాయి. ఆ తర్వాత ఎవరి చెయ్యీ కదలలేదు. పొద్దు గూకింది. బేరిగై టీచరమ్మ తల ఒక పక్కకు వంచి, నుదురు చిట్లించి, దేనికోసమో వెతుకుతున్నట్టు వింటోంది. ఆమె చేతికి ఆ రెండు వేళ్లే.

అప్పుడు నా సహోద్యోగి వైపు చూశాను. ఆమె కూడా కళ్లు గట్టిగా మూసుకుని ఉంది. కాసేపటికి, మెల్లగా, చిటికెన వేలు తెరిచింది.

కళ్లు తెరవమన్నాను. వరసగా చెప్పమన్నాను. టీచరమ్మ వంతు వచ్చింది. ఆమె ముందు నా వైపు చూసింది. తర్వాత నా సహోద్యోగి చెయ్యి చూసింది. ఉన్నదున్నట్టు చెప్పే మనిషి, మొదటిసారి తడబడింది.

"గాలి సార్," అంది. "లారీ." ఇంకేదో అనబోయి, తల దించుకుంది.

నా సహోద్యోగి చిటికెన వేలు ఇంకా తెరిచే ఉంది. దించమ్మా, చెయ్యి నొప్పి పుడుతుంది అన్నాను.