ముక్కు మునగని బాప్తిస్మం

నా నడుము పోయింది ఒక ఆదివారం ఉదయం, జాంబియా దేశంలోని లుసాకా నగరంలో, సగానికి కోసిన నల్లటి ప్లాస్టిక్ నీళ్ళ ట్యాంకులో. ఆ సమయానికి నా చేతుల్లో ఒక మనిషి ఉన్నాడు.

నేను పిఠాపురం దగ్గర ఒక బాప్టిస్టు సంఘానికి పాస్టర్‌ని. మా సంఘం వాళ్ళు ఏడాదికోసారి నన్నూ, నా భార్య సుగుణనూ మూడు నెలలు లుసాకా పంపిస్తారు. అక్కడి పేటల్లో కొత్తగా పుట్టిన సంఘాలు మూడున్నాయి. రేకుల షెడ్లు, ప్లాస్టిక్ కుర్చీలు, గొంతు దాచుకోకుండా పాడే జనం. అక్కడి కాపరులకు, అంటే స్థానిక పాస్టర్లకు, బైబిలు వాక్యం నేర్పడం నా పని. సుగుణ రిటైరైన టీచరు. ఆడవాళ్ళకి కుట్టుపని నేర్పుతుంది, మిగిలిన టైములో నన్ను అదుపులో పెడుతుంది. అక్కడ మాటలన్నీ ఇంగ్లీషులోనే, మీకోసం తెలుగులో రాస్తున్నాను.

మా సంఘాల్లో బాప్తిస్మమంటే నీళ్ళు చిలకరించడం కాదు, మనిషి పూర్తిగా మునగాలి. వెల్లకిలా పడుకోబెట్టి ముంచి లేపుతాం. నేనీ పని నేర్చుకుంది మా ఊరి కాలవలో, రొమ్ము లోతు నీళ్ళలో. ఆ లోతులో ఎంత లావు మనిషైనా తేలికే, మోసేది నీళ్ళు కాబట్టి. అది నా చేతుల గొప్పతనం అనుకుంటూ ముప్పై ఏళ్ళు గడిపేశాను.

ఆ ఆదివారం బాప్తిస్మానికి ఏడుగురున్నారు. వీధి కుళాయిలో నీళ్ళు సన్నగా వస్తున్నాయి. సంఘంలోని అక్కచెల్లెళ్ళు పొద్దుటినుంచీ బకెట్లతో మోసినా ట్యాంకులో నీళ్ళు మోకాళ్ళు దాటలేదు. అక్కడి కాపరి ఎజ్రా నెమ్మదస్తుడు. "పాస్టర్, వచ్చే ఆదివారానికి వాయిదా వేద్దామా?" అని అడిగాడు. నేను గోదావరి నీళ్ళు తాగి పెరిగినవాణ్ణని చెప్పి ట్యాంకులో దిగాను. ఆరుగురు బాగానే అయ్యారు. ఏడోవాడు ఫిరి.

ఫిరి మార్కెట్లో మొక్కజొన్న పిండి బస్తాలు దించే మనిషి. ఆరడుగుల పైన ఉంటాడు, షెడ్డు గుమ్మంలో నిలబడితే లోపల వెలుతురు తగ్గుతుంది. అతని భుజాల కింద చెయ్యి వేసి, చెప్పాల్సిన మాటలు చెప్పి, వెనక్కి వంచాను. భుజాలు దిగాయి, చెవులు మునిగాయి. అంతే, నా నడుములో ఏదో పట్టు తప్పి ఎడమ మడమ దాకా నిప్పు పాకింది. నేను పెట్టిన కేకని జనం ఆనందపు కేక అనుకుని డ్రమ్ములు అందుకున్నారు. నేను ట్యాంకు అంచు పట్టుకుని వంగిపోయాను. ఫిరి తనంతట తనే లేచి కూర్చుని, మొహం తడుముకుని, ఎంతో మర్యాదగా అడిగాడు.

"పాస్టర్, నా ముక్కు మునిగిందా?"

మునగలేదు. ఆ మాటకొస్తే పొట్ట కూడా మునగలేదు.

లుసాకా క్లినిక్‌లో "మజిల్ స్పాజమ్" అని ఇంజెక్షన్ ఇచ్చారు. అయిదో రోజుకి తుమ్మితే కళ్ళు తిరిగే పరిస్థితి వచ్చింది. ప్రయాణం ముందుకి జరిపి ఇంటికి బయల్దేరాం. ఎయిర్‌పోర్టులో నన్ను వీల్‌చెయిర్లో అందరికంటే ముందు విమానం ఎక్కించారు. "ఇన్నేళ్ళలో మొదటిసారి క్యూలో నిలబడకుండా వెళ్తున్నాం" అంది సుగుణ, నా వెనక సంచులు మోస్తూ.

ఇంటికొచ్చాక నేను చేసిన తప్పు, వెంటనే హాస్పిటల్‌కి వెళ్ళకపోవడం. పదిహేను రోజులు నూనెలతో, వేడినీళ్ళ కాపడంతో, పరామర్శలతో గడిచాయి. మొగల్తూరులో ఒకాయన నడుముకి కట్టు కడతాడని ఒకరు, ఇసక వేయించి మూట కట్టమని ఇంకొకరు. మా ఎదురు కిరాణా కొట్టు సుబ్బారావు గారైతే న్యూస్‌పేపర్లో చుట్టిన సీసాతో వచ్చారు.

"తాగడానికి కాదండయ్యగారూ, రుద్దడానికండి. మా బావమరిది యానాం వెళ్తే తెప్పించానండి. మా నాన్నగారి నడుముని ఆఖరిదాకా నిలబెట్టింది ఈ బ్రాందీయేనండి."

వద్దనే ఓపిక లేక బోర్లా పడుకునే ఉన్నాను. ఆయన పాపం తన చేత్తోనే రుద్దడం మొదలుపెట్టారు. సరిగ్గా అప్పుడే మా సంఘపెద్ద ఏసురత్నం గారు నలుగురు అమ్మగార్లని వెంటపెట్టుకుని నాకోసం ప్రార్థన చేయడానికి వచ్చారు. గుమ్మంలో ఆగి, ఒకసారి గాలి పీల్చి, "మళ్ళీ వస్తామండి" అని వెనక్కి తిరిగారు. ఆ ఆదివారం నా బదులు ఆయనే ప్రసంగించారు. అంశం, మద్యపానం.

దాంతో సుగుణ నన్ను కారులో పడుకోబెట్టి రాజమండ్రి తీసుకెళ్ళింది. ఎమ్మారై తీశారు. ఆర్థోపెడిక్ డాక్టరు గారు పెద్దాయన, పొదుపుగా మాట్లాడతారు.

"ఏం బరువెత్తారండీ?"

"మనిషినండి."

"ఎందుకండీ?"

చెప్పాను. ఆయన పెన్ను కింద పెట్టారు. "ఆయనెంత ఉంటారు?"

"నూట ఇరవై కిలోలు ఉంటాడండి."

"మీరు?"

"అరవై రెండండి."

ఆయన కాసేపు ఫిల్ము వైపూ, కాసేపు నా వైపూ చూశారు. "ఎల్ ఫోర్ ఎల్ ఫైవ్ దగ్గర డిస్క్ బయటికొచ్చి నెర్వ్‌ని నొక్కుతోందండి. కాల్లోకి లాగేది అదే. ఇప్పటికి సర్జరీ వద్దు. మందులు, ఫిజియోథెరపీ. అయిదు కిలోలకి మించి ఎత్తకూడదు. మీ బైబిలెంత ఉంటుంది?"

"కిలోన్నర ఉంటుందండి."

"అదొక్కటీ ఎత్తుకోండి."

తిరిగి వస్తుంటే కారు కిటికీలోంచి కాలవ కనబడింది. కాలవ కట్టేశారేమో అడుగు తేలి ఉంది. "ఇక్కడ నీళ్ళొదిలేదాకా రెండు నెలలైనా బాప్తిస్మాలు ఆపుతారు కదండీ. అక్కడ ఒక్క ఆదివారం ఆగలేకపోయారా?" అంది సుగుణ. నేను నిద్ర నటించాను.

ఇక్కడ నా నరం సంగతి ఇలా ఉండగా, లుసాకాలో ఫిరి ముక్కు పెద్ద సమస్యై కూర్చుంది. ఎజ్రా ఫోన్లో చెప్పాడు. సంఘం రెండు పక్షాలైంది. సగం మంది బాప్తిస్మం అయిపోయిందంటున్నారు, సగం మంది ముక్కు మునగలేదు కాబట్టి కాలేదంటున్నారు. పాటల బృందం మొత్తం ముక్కు పక్షం. తను పూర్తి చేస్తానని ఎజ్రా ఎంత చెప్పినా ఫిరి ఒప్పుకోవడం లేదు. "మొదలుపెట్టింది మా పాస్టర్. ఆయనే వచ్చి పూర్తి చేస్తారు" అని వాట్సాప్‌లో నాకే వాయిస్ మెసేజ్ పెట్టాడు.

ఇందులో నవ్వులాట కానిది ఒకటుంది. మా పద్ధతిలో బాప్తిస్మం అయితేనే ప్రభువు బల్లలో రొట్టె తీసుకుంటారు. ప్రతి నెలా మొదటి ఆదివారం రొట్టె పళ్ళెం ఫిరి దగ్గరికి వస్తోంది, అతను ముట్టుకోకుండా పక్కవాళ్ళకి అందిస్తున్నాడు. ఆ సంగతి విన్న రోజు నాకు అన్నం సయించలేదు. ఎజ్రా చేత చేయించుకో అని ఫిరికి మెసేజ్ పెట్టాను. కానీ గట్టిగా పెట్టలేదు. నేనే కావాలని అంత పెద్ద మనిషి పట్టుబట్టడం నాకు లోలోపల బాగుందని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

ఆరో వారానికి నొప్పి చాలావరకు తగ్గింది. ఎంత తగ్గిందో పరీక్షించుకోవాలనిపించింది. సుగుణ స్త్రీల కూటానికి వెళ్ళింది. ఇంట్లో పాతిక కిలోల బియ్యం బస్తా ఉంది. దాన్ని దొర్లించి మంచం అంచుకి చేర్చి, కింద చెయ్యి వేసి, బాప్తిస్మపు మాటలు పూర్తిగా చెప్పి, కిందికి వంచాను. బస్తా చక్కగా దిగింది. మళ్ళీ లేవలేదు. నేనూ లేవలేదు.

గంట తర్వాత సుగుణ వచ్చేసరికి నేను మోకాళ్ళ మీద, నా చెయ్యి బస్తా కింద. ఆవిడ గుమ్మంలో నిలబడి అంతా చూసింది. "బియ్యానికి కూడా ఇస్తున్నారా?" అని నవ్వు మొదలుపెట్టి, మధ్యలో ఆపేసింది. నా ఎడమకాలి బొటనవేలు పైకి లేవడం లేదు.

మళ్ళీ రాజమండ్రి. ఈసారి డాక్టరు గారు బైబిలు సంగతి ఎత్తలేదు. "ఫుట్ వీక్‌నెస్ మొదలైందండి. రెండు వారాలు చూస్తాను. వేలు లేవకపోతే ఆపరేషన్. అప్పుడు కూడా పూర్తిగా వస్తుందని చెప్పలేను" అన్నారు.

ఆ రెండు వారాలు నేను భయపడ్డాను. విశ్వాసం ఉన్నవాళ్ళకి భయం ఉండదని ఎన్నో ప్రసంగాల్లో చెప్పాను, అందుకు సిగ్గుపడుతున్నాను. సుగుణ నాకు లుంగీ కట్టేది, గోళ్ళు తీసేది. ఒక ఉదయం నా కాలికి మేజోడు తొడుగుతుంటే ఏడ్చేశాను. నేనింక ఎందుకూ పనికిరానేమో అన్నాను. ఆవిడ రెండో మేజోడు కూడా తొడిగి, "ముంచడం ఒక్కటేనా మీ పని?" అని అడిగింది. 

ఫిజియోథెరపిస్ట్ లావణ్య చాలా చిన్నమ్మాయి, చాలా కఠినురాలు. అసలు నడుము ఎలా పట్టేసిందో తలగడతో చేసి చూపించమంది. చూపించాను.

"ఇది ఫార్వర్డ్ బెండింగ్ విత్ ట్విస్టింగ్ సార్. నడుముకి ఇంతకంటే చెడ్డ పోజు లేదు. అసలు మీరెందుకు ఎత్తాలండీ? పుష్కరాల్లో మా అమ్మమ్మని ఎవరెత్తారు? తనే ముక్కు మూసుకుని నీళ్ళలో కూర్చుంది, తనే లేచింది. మునిగేవాళ్ళే వంగుతారు కదా సార్."

"అది వేరమ్మా, ఇది వేరు. ఇందులో క్రీస్తుతో పాతిపెట్టబడడమనే అర్థం ఉంది, వెల్లకిలా పడుకోవాలి" అని పాఠం మొదలుపెట్టాను.

"మునగడం ముఖ్యమా సార్, పడుకోవడం ముఖ్యమా? పది లెక్కపెడుతూ కాలు సాగదీయండి."

పది లెక్కపెట్టాను. పాఠం అక్కడే ఆగిపోయింది. ముప్పై ఏళ్ళు వేదాంతం చదివినవాణ్ణి, ఆ ప్రశ్న నన్ను నేను ఎప్పుడూ అడగలేదు.

పదకొండో రోజు ఉదయం కాఫీ తాగుతుంటే బొటనవేలు కదిలింది. సాయంత్రానికి అంగుళం లేచింది. లుసాకాలో సంఘం కూడుకుని ఉంది. సుగుణ ఎజ్రాకి వీడియో కాల్ చేసి ఫోను నా పాదం దగ్గర పెట్టింది. నేను వేలు లేపాను. అక్కడ షెడ్డంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. నా ఏ ప్రసంగానికీ వాళ్ళంత చప్పట్లు కొట్టలేదు.

మరో అయిదు నెలలు వ్యాయామాలు చేశాక డాక్టరు గారు ప్రయాణానికి ఒప్పుకున్నారు. నడుముకి బెల్టు పెట్టుకుని, అయిదు కిలోల షరతుతో లుసాకా చేరాను. ట్యాంకు అదే, నీళ్ళు మాత్రం ఈసారి నడుము లోతు. శనివారమే నింపారు.

ఎజ్రా చెయ్యి పట్టుకుని నన్ను మెల్లగా దింపాడు. ఫిరి తెల్లచొక్కాతో దిగాడు. సంఘమంతా ట్యాంకు చుట్టూ చేరింది, ముక్కు పక్షం ముందు వరసలో. "మోకాళ్ళ మీద కూర్చో. నేను మాటలు చెప్తాను, నువ్వే ముందుకి వంగు" అన్నాను. అతను వింతగా చూశాడు.

"వెనక్కి కాదా పాస్టర్?"

"మా గోదావరిలో ముసలమ్మలు ఎవరూ ఎత్తకుండానే మునుగుతారు. నువ్వూ మునగగలవు."

చెప్పాల్సిన మాటలు చెప్పాను. ఒక్క అరచెయ్యి అతని తల మీద పెట్టాను. ఆ పర్వతం తనంతట తనే వంగి, నీళ్ళలోకి వెళ్ళిపోయింది. తల, వీపు, అన్నీ పోయాయి. ఎంతకీ లేవడే. అనుమానానికి తావుండకూడదని లోపలే ఉన్నాడట. ఎజ్రా కంగారుపడి భుజం తట్టాక లేచాడు. మొహం తుడుచుకోకుండా నా వైపు చూశాడు.

"మునిగింది" అన్నాను.

డ్రమ్ములు మొదలయ్యాయి. నేను బయటికి రావాలని ట్యాంకు అంచు మీదికి కాలెత్తబోయాను. అంచు ఎత్తు, నా కాలు అంత ఎత్తు లేవదు. మళ్ళీ ప్రయత్నించాను. అప్పుడు వెనక నుంచి రెండు తడి చేతులు నా చంకల కింద పడ్డాయి. ఫిరి నన్ను అమాంతం పైకెత్తి, అంచు దాటించి, నేల మీద నిలబెట్టాడు. నడుముకి ఏ మాత్రం తెలియలేదు. మోకాళ్ళు వంచి ఎత్తాడు, లావణ్య నాకు నేర్పినట్టే.

అదే పూట ప్రభువు బల్ల. పళ్ళెం ఫిరి దగ్గరికి వచ్చింది. ఈసారి పక్కకి అందించలేదు. ఆ చిన్న రొట్టెముక్కని అంత పెద్ద వేళ్ళతో పట్టుకుని చాలాసేపు చూసి నోట్లో పెట్టుకున్నాడు. నాకు కళ్ళు మసకబారాయి.

ఇప్పుడు అక్కడ బాప్తిస్మాలన్నీ ఎజ్రాయే ఇస్తాడు, ఫిరి పక్కన నిలబడి సాయం చేస్తాడు. నేను బయట తువ్వాళ్ళు పట్టుకుని నిలబడతాను. అన్నీ కలిపినా అయిదు కిలోలుండవు. రోజూ ఉదయం ఇరవై నిమిషాలు వ్యాయామం చేస్తాను, తుమ్మొస్తే గోడ పట్టుకుంటాను, బియ్యం బస్తా జోలికి పోను.

మీకు నేను చెప్పగలిగింది ఒక్కటే. ఏదైనా బరువు ఎత్తేముందు, ఇది నేనే ఎత్తాలా అని పక్కనున్నవాళ్ళని అడగండి. మిమ్మల్ని మీరు అడక్కండి, అవునంటారు.