ఇడ్లీ తిని ఎత్తిన ఘటం

స్టెరాయిడ్ మొదలుపెట్టాక నా మొహం గుండ్రంగా ఉబ్బింది. ఝపటాపూర్ బజారులో పప్పు కొంటుంటే కొట్టామె, "వాహ్ దీదీ, ఒళ్లు బాగా వచ్చింది, ఏం తింటున్నావ్?" అంది. "స్టెరాయిడ్" అన్నాను. అదేదో కొత్త రకం బలం పొడి అనుకుంది కాబోలు, తన మనవరాలి కోసం పేరు రాసిమ్మంది.

నాది కీళ్లవాతం. పొద్దున లేవగానే వేళ్లు ముడుచుకోవు. టీ గ్లాసు రెండు చేతులా పట్టుకోవాలి. నొప్పి ఎవరికీ కనిపించదు, బుగ్గలు మాత్రం కనిపిస్తాయి. అందుకే మా నిమ్‌పురా రైల్వే క్వార్టర్ల లైను మొత్తానికి నేను సుఖపడిపోతున్న మనిషిని. ఆ మందంటే నాకూ ఒళ్లుమంటే. తిన్నా ఆకలి తీరదు, పడుకున్నా నిద్ర రాదు. కానీ అది వేసుకుంటేనే నా జడ నేను వేసుకోగలను.

మా లైన్లో అమ్మోరి పండక్కి ఇంటికో ఘటం లేస్తుంది. పసుపు పూసిన కుండ, చుట్టూ వేపాకు, పైన దీపం. ఇంటి కోడలు మంచినీళ్లు కూడా ముట్టకుండా దాన్ని నెత్తిన పెట్టుకుని పూరీ గేట్ అమ్మోరి గుడి దాకా నడవాలి. పెళ్లైనప్పటి నుంచి మా ఇంటి ఘటం నాదే. ఈసారి మా అత్త అడ్డం తిరిగింది.

"అమ్మోరు పెట్టిన నొప్పి ఇది. మందులు ఒగ్గీసి ఉపాసం ఉండు, తల్లే తీసీస్తాది. నేదంటే సిన్నకోడలు ఎత్తుతాది."

ఖాళీ కడుపుతో వేసుకోవద్దని, ఉన్నట్టుండి మానేయొద్దని డాక్టరు చెప్పింది. అదే అత్తకి చెప్పాను.

"డాట్రమ్మకి ఏటి తెలుసు అమ్మోరి సంగతి?"

నాకు మండింది. ఒళ్లు నాది, నొప్పి నాది. తోటికోడలికి ఘటం అప్పజెప్పడానికి నేనేం చచ్చానా?

పండగనాడు పొద్దున్నే తలస్నానం చేసి, వరండాలో పీటేసుకుని కూర్చుని ఇడ్లీలు తిన్నాను. మాత్ర వేసుకున్నాను.

"సిగ్గు నేదేటే నీకు?" అంది అత్త గుమ్మంలోంచి.

"ఆకలుందత్తా."

తోటికోడలు కుండ దగ్గరికి రాబోయి, నా మొహం చూసి ఆగిపోయింది. కుండ నేనే ఎత్తుకున్నాను. దారి పొడుగునా ఆడవాళ్లు నా కాళ్లకి పసుపునీళ్లు పోశారు. సగం దారిలో మణికట్టు భగ్గుమంది. మోకాళ్లని నోటికొచ్చినట్టు తిట్టుకుంటూ నడిచాను. దించితే అందుకోవడానికి తోటికోడలు వెనకే వస్తోంది. నేను దించలేదు.

గుడి ముందు ఘటం దింపగానే అత్త నా భుజం మీద చెయ్యేసింది. పూరీ గేట్ ఆడవాళ్లతో, "సూసినారా? ఇంత రోగంతోని కూడా మా కోడలు కటిక ఉపాసంతో మోసింది. అంతా తల్లి దయ," అంది. వాళ్లు నాకు దణ్ణాలు పెట్టారు. నిజం చెప్పొద్దూ, ఒక్క క్షణం బాగానే ఉంది. కానీ ఊరుకుంటే రేపు ఏ ఇంట్లోనో ఏ కోడలి చేతిలోంచో మాత్ర లాక్కుని నా పేరే చెబుతారు.

"ఉపాసం కాదత్తా," అన్నాను అందరికీ వినబడేలా. "ఇడ్లీలు తిన్నాను. మాత్రేసుకున్నాను. అందుకే మోసినాను."