ఆయుధపూజలో రెండు ఇనుప సీసాలు

అరవైల్లో నేను నరసరావుపేటలో ఒక కాలేజీ కెమిస్ట్రీ లాబ్‌లో డిమాన్‌స్ట్రేటర్‌ని. అంటే పాఠం మా మేడమ్ చెప్పేవారు, పగిలిన గాజుకు సంజాయిషీ నేను చెప్పేవాణ్ణి.

ఆవిడకు యూనివర్సిటీలో రీసెర్చి చేయాలని కోరిక. సెలవు ఇవ్వాల్సింది ప్రిన్సిపాల్. ఆయన సబ్జెక్టు చరిత్ర.

"ఇనుము చుట్టూ ఉన్నవి మారిస్తే ఇనుము గుణమే మారుద్దంటున్నావు. నా కళ్ళకు చూపించమ్మా, సంతకం పెడతా" అన్నారు.

చుట్టూ ఉన్న ఆ పరివారాన్ని లైగాండ్లంటారు. మేడమ్ ఎండాకాలమంతా లాబ్‌లో ఉడికి రెండు పదార్థాలు చేశారు. ఒకటి ఫెర్రోసీన్: రెండు కర్బన వలయాల మధ్య ఇనుము. రెండోదీ అదే, కాకపోతే ఒక వలయానికి అసిటైల్ అనే తోక. ఆ తోక ఎలక్ట్రాన్లను తనవైపు లాగుతుంది. దాంతో లోపలి ఇనుము, ఎలక్ట్రాన్లు లాక్కునే అయొడిన్ వచ్చి అడిగినా తన ఎలక్ట్రాన్‌ను ఓ పట్టాన వదలదు. ఇదీ ఆవిడ అంచనా.

దసరా సెలవుల తర్వాత చూపించాలి. ఆ రోజు బీరువా తెరిచాం. సెలవులకు ముందు మా అటెండర్ ఆయుధపూజ చేశాడు. త్రాసుకూ, బర్నర్లకూ, ఆ రెండు సీసాలకూ తడిపసుపు పూసి బొట్లు పెట్టాడు. భక్తికి లోటు లేదు. తడికి నాని ఊడిపోయి లేబుళ్ళే లేవు.

"ఏంది బాబాయ్ ఈ పని?" అన్నాను.

"చానా విలువైనయ్యని నువ్వే అంటివిగా. అందుకే ఇంకో పూత ఏశా."

ఇంతలో ప్రిన్సిపాల్ రానే వచ్చారు. "ఏది ఏదో నీకే తెలవకపోతే ఎట్టమ్మా?"

"రంగులో కాస్త తేడా ఉందండి."

"నాకు రెండూ నారింజే."

సెలవు మీద నేను ఆశ వదిలేశాను. ఆవిడ మాత్రం రెంటిలోంచీ కాస్త తీసి, రెండు గాజుగొట్టాల్లో బెంజీన్‌తో కరిగించి, అయొడిన్ ఆయన చేతికే ఇచ్చారు. "మీరే వేయండి. ఇనుము ఎలక్ట్రాన్ వదిలేసి నల్లటి మడ్డి దిగితే అది తోక లేనిదండి."

ఒక గొట్టంలో మడ్డి దిగింది. రెండోది చలించలేదు.

"మడ్డి దిగింది తోక లేనిదేనని సాక్ష్యమేది?"

"తోక ఉన్నది మరిగే నీళ్ళ వేడికే కరుగుతుంది. లేనిది కరగదు."

రెండు సీసాల్లోంచీ చిటికెడేసి పొడి సన్నగొట్టాల్లో వేసి, మరిగే నీళ్ళలో నిలబెట్టాం. ఆవిడ చెప్పినట్టే, మడ్డి దిగని సీసాలోదే కరిగింది. ప్రిన్సిపాల్ కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశారు.

"లేబుళ్ళు ఉండుంటే, చూసి చెప్పావనుకునేవాణ్ణమ్మా" అని కలం తీశారు.

తన పూజ వల్లే సెలవు వచ్చిందని అటెండర్ ఊరంతా చెప్పుకున్నాడు. మేడమ్ కాదనలేదు. శాస్త్రం చదివిన మనిషి, ఆధారం ఉన్నప్పుడు ఎలా కాదంటారు?