పాత బ్రేకుల మీద కొత్త టర్బో

ఎనభైల చివర్లో, ధర్మవరం బస్సు దొరక్క హిందూపురంలో వేరుశనక్కాయల లారీ ఎక్కాను. క్యాబిన్లో నా పక్కన ఒక మెకానిక్కు. ఆ లారీ పాత ఇంజనుకు బలం పెంచే టర్బో బిగించి, ఎట్లా లాగుతుందో చూసుకోవడానికి వచ్చాడు.

పెనుకొండ మిట్టను లారీ ఖాళీ బండిలా ఎక్కేసింది. దిగేటప్పుడు డ్రైవరు ఎంత తొక్కినా బ్రేకు పట్టలేదు. గొర్రెల మంద మీదికి దూసుకుపోయింది.

“జీవాలన్నీ నుజ్జు చేస్తివి కదరా!” అంటూ కాపర్లు డ్రైవరును కిందికి ఈడ్చి కర్రలతో బాదారు. అతని తల పగిలింది. మెకానిక్కు ఎవరో వాళ్లకు తెలియదు. నాలాగే అతనూ పక్కకు తప్పుకోవచ్చు. కానీ పోయి డ్రైవరు మీద అడ్డంగా పడ్డాడు.

“ఈయప్పను ఇడ్సిపెట్టండప్పా! ముందు బ్రేకులు మార్చల్ల అని మొత్తుకున్యాడు. తర్వాత చూస్తాంలే అని టర్బో బిగించింది నేను. కొట్టేదుంటే ఈ చేతిని కొట్టండి.”

కుడిచేతిని రోడ్డు మీద పరిచాడు. ముసలి కాపరి కర్ర ఎత్తి కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు నాకు వినిపించింది.

డ్రైవరు తన తలకు అదిమిపెట్టుకున్న తువ్వాలు తీసి ఆ చేతికి చుట్టాడు.

అంతలో ధర్మవరం బస్సు కనిపించింది. ఆపడానికి చెయ్యెత్తబోయాను. చెయ్యి లేవలేదు.