కోయని కౌజులు

ఆ రోజుల్లో నేను గొప్ప చిత్రకారుణ్ననే నమ్మకం నాకు గట్టిగా ఉండేది. ఆధారమేమీ లేదు. ఫ్లెక్సీలొచ్చి బోర్డులు రాసేవాళ్లంతా వేరే పనులు వెతుక్కుంటున్న కాలంలో నేను కుంచె పట్టాను. నందికొట్కూరులో బిర్యానీ హోటల్ నడిపే చాచా నాకు మొదటి పని ఇచ్చాడు. "లోపలి గోడ మీద వేట బొమ్మ ఒగటి ఎయ్యప్పా, నోరూరాల" అన్నాడు. ఫోన్లో వెతికితే పాతకాలపు విదేశీ బొమ్మలు కనిపించాయి. మేకులకు తలకిందులుగా వేలాడే పిట్టలు, పక్కన తుపాకి, చెయ్యి చాస్తే అందేటట్టున్నాయి. గోడకు అడ్డంగా గుడ్డ కట్టి మూడు వారాలు కష్టపడి అట్లాంటిదే వేశాను: నాలుగు కౌజు పిట్టలు, ఒక కుందేలు, నాటు తుపాకి, తూటాల సంచి, వల. ఒక్క మేకు నీడకే ఒక పూట పట్టింది (ఆ నీడను ఇప్పటివరకు ఎవరూ మెచ్చుకోలేదు).

గుడ్డ తీసిన రోజు, అత్తరు అమ్మే తాత ఎప్పటిలాగే నలుగురు స్నేహితులతో వచ్చి ఆ గోడ పక్కనే కూర్చున్నాడు. పిట్టల వంక చూశాడు. వాటి మెడల వంక చూశాడు. తినకుండానే లేచిపోయాడు, వెనకే ఆ నలుగురూ. మర్నాటికి ఆ వైపు బల్లలన్నీ ఖాళీ. చాచా నన్ను పిలిపించాడు.

"ఏమప్పా, మెడ కొయ్యని పిట్టల్ని ఏలాడదీసినావే! హలాల్ కానివాటి కింద కూర్చోని మావోళ్లు యెట్ల తింటారు? శుక్రవారం లోపల తాత ఈడ తినకుంటే గోడకు సున్నం కొట్టిస్తా."

నాకు ఏడుపు రావాలి. గర్వమొచ్చింది. నా పిట్టల్ని నిజం పిట్టలనుకున్నారు! (ముస్లిం ఇళ్ల మధ్యే పుట్టి పెరిగి, మెడ సంగతి తోచనందుకు సిగ్గు మాత్రం రాలేదు.) కానీ నా మొదటి బొమ్మ సున్నం పాలవుతుందంటే ఊరుకోలేకపోయాను. గురువారం పొద్దున్నే తాతను బతిమాలి తీసుకొచ్చాను.

"ఇది వట్టి రంగు తాతా, ముట్టుకొని చూడు."

"రంగని నాకు తెల్దా? కుందేలుకు గాడిద చెవులు పెట్టినావు. దాన్ని నిజమని ఎవురనుకుంటారప్పా?"

నా గర్వమంతా దిగిపోయింది. "మరి ఎందుకు తినవు?"

"బొమ్మైతే ఏమి? అన్నం కాడ మెడ కొయ్యనివి కండ్లెదురుగా ఏలాడతాంటే ముద్ద దిగదు."

ఎర్ర రంగు కలిపాను. తాత పక్కన నిలబడి, "ఇంగా కొంచెం కిందికి. ఆఁ, ఆడ" అని చోటు చూపించాడు. నేను కుంచె ఆనించే ముందు ప్రతిసారీ మెల్లగా బిస్మిల్లా అన్నాడు. ఆయన నవ్వలేదు, నేనూ నవ్వలేదు. ఐదు మెడలూ అయ్యాక చేతులు కడుక్కొని, గోడ పక్కనే కూర్చుని తృప్తిగా తిన్నాడు.

ఇప్పుడు నేను బళ్లో డ్రాయింగు చెబుతున్నాను. నా బొమ్మలు చూసి "అచ్చం నిజంలా ఉంది సార్" అన్నవాళ్లు చాలామందే ఉన్నారు. అనేసి వాళ్ల దారిన వాళ్లు పోయారు. ఒక్క క్షణమైనా నిజమనుకోకుండా, నా బొమ్మ వల్ల ఆకలితో లేచిపోయినవాడు ఆ తాత ఒక్కడే. గర్వపడాల్సింది అందుకే అని ఆనాటి కుర్రవాడికి చెప్పాలని ఉంది. వాడు వినే రకం కాదు.