తుంటి ఎముకకు కట్టిన జాలీ

ఈ ఉదయం ఆపరేషన్ థియేటర్లో డ్రిల్లు ఎముకలోకి దిగగానే కాలిన గోరులాంటి వాసన వచ్చింది. పక్కనున్న జూనియర్ డాక్టరమ్మ ముఖం చిట్లించింది. నాకు మాత్రం రత్నమేరీగారు గుర్తొచ్చి ప్రాణం లేచొచ్చింది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, అనకాపల్లిలో ఆమె నడిపే చిన్న ఆసుపత్రిలోనే నేను సర్జరీ నేర్చుకున్నాను. మనిషి పొట్టి, కోపం పొడుగు. ఆపరేషన్లో చెడామడా తిట్టి, అయ్యాక తన క్యారేజీలోంచి చేపల పులుసు వడ్డించేవారు.

ఓసారి పూడిమడక నుంచి నూకరాజు అనే చేపల వేటగాడు వచ్చాడు. అంతకుముందు వేరే ఆసుపత్రిలో, విరిగిన కాలు అతుక్కోవడానికి అతని తుంటి ఎముక పై అంచు నుంచి ముక్క తీసి కాలికి పెట్టారు. కాలు బాగానే కుదిరింది కానీ, ఎముక తీసిన ఖాళీలోంచి పేగులు చర్మం కిందికి పొడుచుకొచ్చాయి. రెండుసార్లు కుట్లు వేయించుకున్నా నిలవలేదు. ఇక సముద్రం మాట మరిచిపొమ్మన్నారట. చేపల వేట తప్ప మరో పని రాని మనిషి, ఆ మాట చెబుతూ ఏడ్చేశాడు.

పడుకోబెట్టి చూస్తే నిమ్మకాయంత వాపే కనిపించింది. రత్నమేరీగారు అతన్ని పెరట్లోకి నడిపించి, మోకు ఒక కొసను కిటికీ ఊచకు కట్టించి, రెండో కొస అతని చేతికిచ్చారు.

"వల లాగినట్టే లాగు నూకరాజూ, మొగమాటపడకు."

లాగాడు. వాపు కొబ్బరికాయంతై నడుం వెనక్కి పాకింది. ఆమె గబగబా దాని చుట్టూ పెన్నుతో గీత గీసి నావైపు తిరిగారు.

"పడుకున్నోడిలో రోగం ఏటి కనబడతాదమ్మా? పన్లో ఉన్నప్పుడు సూడాల."

ఎముక లేనిచోట కండకు కండ కుడితే ఆగదనీ, మెష్ అనే సన్నటి జాలీని మిగిలిన ఎముకకే కట్టాలనీ తేల్చారు. ఎముకల డాక్టరు దగ్గర డ్రిల్లు అడిగి తెప్పించారు. పేగులు లోపలికి సర్ది, ఎముక అంచుకు చిన్న చిన్న రంధ్రాలు వేసి, వాటిలోంచి దారాలు దూర్చి జాలీని బిగించారు. ప్రతి ముడినీ నాచేత లాగించి చూశారు. సాయంత్రం నూకరాజు దగ్గినప్పుడు కట్టు మీద చెయ్యి వేసి చూశాను. కింద ఏమీ కదల్లేదు. వార్డులో అందరూ చూస్తుండగానే గట్టిగా నవ్వేశాను.

కొన్ని నెలలకు అతను మళ్లీ వచ్చాడు.

"ఇంక సేపలేటకెల్లొచ్చా అమ్మా?"

ఆమె మోకు అందించారు. నూకరాజు కాళ్లు తన్నిపెట్టి ఒక్క లాగు లాగేసరికి కిటికీ ఊచ ఊడి వచ్చింది. నడుం దగ్గర మాత్రం ఇసుమంత కూడా ఉబ్బలేదు. రత్నమేరీగారు చిన్నపిల్లలా చప్పట్లు కొట్టారు. ఆ కిటికీని బాగుచేయించకుండా, వచ్చిన ప్రతి డాక్టరుకూ చూపించి గొప్పలు పోయారు.

ఆమె ఇప్పుడు లేరు. ఈరోజు నేను జాలీ కట్టింది నూకరాజులాంటి జబ్బుతోనే వచ్చిన, చెరకు మోపులు మోసే ఒక కూలీ ఆవిడకు. నొప్పి ఎక్కడని అడగడానికి ముందు, ఏం పని చేస్తావమ్మా అని అడిగాను. ఆ పని నా కళ్లముందు చేయించి చూశాకే కత్తి పట్టాను. మళ్లీ మోపెత్తగలనా అని ఆమె అడిగితే, తడుముకోకుండా ఎత్తుతావని చెప్పాను.